గ్లోబు హాలు: చూలై ప్రక్కనున్న ఒక చిన్న సినిమాశాల కథ

చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఒక అలవాటు గలదు. వీధుల పేర్లు మారినను, కట్టడములు చేతులు మారినను, పెద్దలు వానిని పాత పేర్లతోనే పిలుచుచుందురు. మా యింటిలోను అట్లే జరిగినది. మా తాతగారు జీవించియున్నంత కాలము పురసవాక్కములోని రాక్సీ సినిమాహాలును రాక్సీ అని యొక్కమారైనను అనియుండలేదు. "గ్లోబు దాకా పోయి వస్తా", "గ్లోబు ఎదురుగా ఆ మందుల షాపు ఉందే" అనియే ఆయన మాట. 1970 ప్రాంతమున నేను పదేండ్ల పిల్లవాడనై ఆయన చేయి పట్టుకొని చూలై నుండి పురసవాక్కమునకు నడచిన దినములు నాకు బాగుగా జ్ఞాపకమున్నవి. హాలు ముఖమున ఒక పేరు వ్రాసియుండగా తాతగారి నోట వేరొక పేరేల వచ్చుచున్నదో అడుగవలెనని నాకు తోచలేదు. పెద్దల మాటలలో అట్టి చిత్రములు పెక్కు ఉండును గదా యని ఊరకుంటిని.

ఉద్యోగము నుండి విరమించిన తరువాత తీరిక చిక్కి పాత సంగతులు చదువ మొదలిడిన పిమ్మట ఆ పేరు యొక్క గుట్టు తెలిసినది. గ్లోబు అనునది ఆ హాలునకు మొదట పెట్టిన పేరు. దానిని నెలకొల్పినవారు ఆంగ్లేయులు కారు, బొంబాయి పారశీలు కారు. మచిలీపట్టణము నుండి వచ్చి ఈ నగరమున ఛాయాచిత్రములు తీసి జీవించిన మన తెలుగువారు, రఘుపతి వెంకయ్య నాయుడుగారు. ఆయనను "తెలుగు సినిమా పితామహుడు" అని సభలలో కీర్తింతురు. కాని ఆయన మన పేటకు నడక దూరములో ఒక చిన్న సినిమాశాల నడపిన సంగతి, ఆ శాల వెనుకనున్న కష్టసుఖముల సంగతి మన పిల్లలకు తెలియదు. చిత్రసీమను గూర్చి వ్రాయువారు తారలను గూర్చి వ్రాయుదురు. హాలును గూర్చి వ్రాయువారు అరుదు. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను చదివి, నలువది యేండ్లకు సమీపముగా ఒక వర్తకసంస్థలో జమాఖర్చులు వ్రాసినవాడను. కనుక ఆ చిన్న శాల చరిత్రను గుమాస్తా కంటితోనే చూచి, ఏది జమ, ఏది ఖర్చు, చివరకు మిగిలినదేమి అను వరుసలో విన్నవించుకొందును.

మొదట మన పేటను గూర్చి రెండు మాటలు. చూలై యనగా తమిళమున ఇటుకలు కాల్చు ఆవము. పూర్వము ఇచ్చట ఇటుక ఆవములుండుటచే ఆ పేరు కలిగినది. దక్షిణమున వేపేరి, పెరియమేడు, పడమట పురసవాక్కము, ఉత్తరమున పట్టాళము, దానికావల పెరంబూరు మిల్లులు. బకింగ్‌హాం మిల్లు 1876లోను, కర్ణాటిక్ మిల్లు దానికి కొలది యేండ్ల పిమ్మటను ఆరంభమయ్యెను. చూలైలోను ఒక నూలు మిల్లు ఉండెను. మిల్లు ఈలకు లేచి, మిల్లు ఈలకు ఇల్లు చేరు కుటుంబములు, రైల్వే పనివారు, చిన్న వర్తకులు, కచేరీ గుమాస్తాలు ఈ వీధులలో కలసి జీవించిరి. వారిలో తెలుగు మాటలాడు ఇండ్లు అనేకము. ఇట్టి జనమునకు సాయంకాలపు వినోదమనగా తిరునాళ్లు, భజన, వీధి నాటకము. మౌంటు రోడ్డు వినోదములు వారివి కావు, దొరలవి.

సినిమా ఈ నగరమునకు వచ్చినది దొరల వినోదముగనే. 1896లో పారిసు నుండి బొంబాయికి వచ్చిన లూమియేర్ సోదరుల కదలుబొమ్మలు చూచి జనము విస్తుపోయిన కొలది కాలమునకే మదరాసులోను అట్టి ప్రదర్శనలు జరిగెను. 1913లో వార్విక్ మేజర్ అను ఆంగ్లేయుడు మౌంటు రోడ్డుమీద ఎలక్ట్రిక్ థియేటరును కట్టెను. ఆ కట్టడము తరువాత తపాలాశాఖవారి చేతికి వచ్చి, అన్నా సాలై తపాలా కార్యాలయపు ఆవరణములో తపాలాబిళ్లల సేకరణశాలగా నిలిచినది. ఇట్టి శాలలకు వచ్చిన ప్రేక్షకులు అధికముగా యూరోపియనులు, ఆంగ్లో-ఇండియనులు. మన పేటవారికి ఆ తలుపులు మూయలేదు గాని, తెరచినట్లును ఉండలేదు.

ఇట్టి స్థితిలో వెంకయ్యగారు రంగమున ప్రవేశించిరి. ఆయన 1869లో బందరులో జన్మించిరి. యౌవనముననే ఉపాధి వెదకుచు మదరాసు చేరి, చిత్రకళయందలి నేర్పును ఆధారము చేసికొని ఛాయాచిత్రశాల నెలకొల్పి పేరు తెచ్చుకొనిరి. ఆ కాలమున ఫొటోగ్రాఫరు పని నేటివలె సులభము కాదు. బరువైన పెట్టె, గాజు పలకలు, రసాయనములు, చీకటి గది, ఎండ లెక్క, అన్నియు తెలిసియుండవలెను. కాంతిని పట్టి నిలుపు విద్య చేతనున్నవానికి, ఆ కాంతిని కదలించు యంత్రము కనబడగనే మనసు నిలువలేదన్న ఆశ్చర్యము లేదు.

ఆ యంత్రము పేరు క్రోనోమెగాఫోను. ఫ్రాన్సు దేశపు గోమాంట్ సంస్థవారు తయారుచేసినది. తెరమీద బొమ్మలు కదలుచుండగా, దానికి జతపరచిన గ్రామఫోను పళ్లెము నుండి పాటయో మాటయో వినబడును. శబ్దము హాలంతటికి వినబడుటకై నొక్కిపెట్టిన గాలి సహాయముతో దానిని పెద్దది చేయుదురు. ఒక్కొక్క చిత్రము కొలది నిమిషములదే. బొమ్మకు, పళ్లెమునకు పొత్తు తప్పెనా, పాట ఒకచోట, పెదవి ఒకచోట! ఐనను మాటలాడు చిత్రము దేశమునకు రాకమునుపు ఇరువది యేండ్లకే శబ్దముతో కూడిన బొమ్మను చూపిన యంత్రమది. 1910 ప్రాంతమున వెంకయ్యగారు తమ ఛాయాచిత్రశాలను తాకట్టు పెట్టి, 30,000 రూపాయలు వెచ్చించి దానిని కొనిరని చలనచిత్ర చరిత్రకారులు వ్రాసియున్నారు. ఒక చిన్న గుమాస్తా జీతము నెలకు ఇరువది, ముప్పది రూపాయలుండు ఆ దినములలో ఆ మొత్తము ఎంతటిదో లెక్కవేసికొనవచ్చును. జరుగుబాటు ఉన్న వృత్తిని కుదువబెట్టి, జరుగుబాటు కాగలదో లేదో తెలియని వస్తువును కొనుట యనునది మా లెక్కల పుస్తకములో మొదటి ఖర్చు.

ఆయన మొదటి ప్రదర్శనలు విక్టోరియా పబ్లిక్ హాలులో జరిగెను. సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న ఆ ఎఱ్ఱ కట్టడము మన చూలైకి నడక దూరము. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగర మహారాజు పూసపాటి ఆనంద గజపతిగారు. 1891లో బళ్లారి నుండి వచ్చిన ధర్మవరము కృష్ణమాచార్యులవారి తెలుగు నాటకసమాజము అచ్చటనే ప్రదర్శనలిచ్చెను. వానిని చూచి ఉత్సాహము పొందియే పమ్మల్ సంబంధ ముదలియారుగారు తమ సుగుణవిలాస సభను స్థాపించిరి. ఈ నగరపు తమిళ నాటకమునకు తెలుగు నాటకము ఊపిరి పోసిన చోటనే, తెలుగువాని సినిమా యంత్రమును మొదట తిరిగెనన్న మాట. తెలుగు, తమిళములు ఈ నగరమున ఒకే పందిరికి ప్రాకిన తీగెలు; ఏ ఆకు ఏ తీగెదని విడదీయుట కష్టము.

పిదప వెంకయ్యగారు ఎస్ప్లనేడు మైదానమున డేరా వేసి ఆడించిరి. అటుపిమ్మట డేరాతోను, యంత్రముతోను ఊరూర తిరిగిరి. బెంగుళూరు, విజయవాడ, సొంత ఊరైన మచిలీపట్టణము, సముద్రము దాటి సింహళము, బర్మా దేశము వరకు పోయిరి. ఆయన ఇట్లు తిరుగుటకు దేశసంచార కుతూహల మొక్కటే కారణము కాదు. ఆ తొలి దినములలో ప్రదర్శకుడు చిత్రములను అద్దెకు తెచ్చుట లేదు, సొంతముగా కొనవలెను. కొన్న బొమ్మలు గుప్పెడు. ఒక ఊరివారు వానిని చూచివేసిరా, మరల చూపుటకు క్రొత్తవి లేవు. కనుక బొమ్మలు మార్చలేక ప్రేక్షకులనే మార్చవలసి వచ్చెడిది. డేరా సినిమా పుట్టుకకు ఇది మూలము. తిరుచినాపల్లిలో రైల్వే ఉద్యోగిగా నుండి 1905లో ఒక ఫ్రెంచివాని యంత్రమును కొని బయలుదేరిన సామికన్ను విన్సెంటుగారి కథయు ఇట్టిదే. ఆయన తుదకు కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టి స్థిరపడిరి.

కాలక్రమమున చిత్రములను అద్దెకిచ్చు ఏజెన్సీలు కలకత్తా, బొంబాయి, మదరాసులలో ఏర్పడెను. వారమునకొక క్రొత్త చిత్రము దొరకు వీలు కలిగినది. అప్పుడు తిరుగవలసినది మనిషి కాదు, డబ్బా. మనిషి ఒకచోట నిలువవచ్చును. పైగా మన చెన్నపట్టణపు ఐప్పసి, కార్తిక వానలలో డేరా వేయుట ఎంతటి పాటో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచే వెంకయ్యగారు 1914లో మౌంటు రోడ్డు సమీపమున, చింతాద్రిపేట వైపు పోవు బ్లాకర్స్ రోడ్డులో గెయిటీ అను స్థిరమైన సినిమాశాలను కట్టిరి. మదరాసులో భారతీయుడొకడు కట్టిన మొదటి సినిమాశాల అదియే. ఆ సంవత్సరమే సెప్టెంబరు 22వ తేది రాత్రి జర్మను యుద్ధనౌక ఎండెను రేవుపై గుండ్లు కురిపించి నూనె తొట్లను తగులబెట్టినది. భయపడి జనము పట్టణము విడిచి పరుగెత్తిన యేడది. అట్టి యేట ఇటుకమీద ఇటుక పేర్చినవాని గుండె నిబ్బరము మెచ్చదగినది.

గెయిటీతో ఆయన ఆగలేదు. కొలది సంవత్సరములలోనే తంగసాల వీధిలో క్రౌను, పురసవాక్కములో గ్లోబు నెలకొల్పిరి. ఈ మూడు స్థలములను పటముపై గుర్తించి చూచినచో వెంకయ్యగారి ఆలోచన తెలియును. మౌంటు రోడ్డు దొరలది, వారి కచేరీలది. తంగసాల వీధి గుజరాతీ, మార్వాడీ, కోమటి వర్తకులది. పాత నల్ల పట్టణపు నడిబొడ్డు. పురసవాక్కము సంసారులది. అచ్చటికి వేపేరి ఆంగ్లో-ఇండియనులు ఒక దిక్కు నుండి, చూలై, పట్టాళముల మిల్లుపనివారు మరియొక దిక్కు నుండి నడచి రావచ్చును. మూడు శాలలు మూడు జనములకు. సినిమాను చూచుటకు జనము మౌంటు రోడ్డునకు పోవలెనను పద్ధతిని తలక్రిందులు చేసి, జనమున్న చోటికే సినిమాను తెచ్చినవారిలో ఆయన మొదటివారు. అందువలననే మూటిలోను గ్లోబు మనది.

ఆనాటి చిన్న శాల నడక ఎట్లుండెడిదో నేటివారు ఊహింపలేరు. చిత్రమును ఆడించువాడు చేతితో పిడి త్రిప్పవలెను. వేగము హెచ్చినచో తెరమీది వీరులు కోతులవలె గంతులిడుదురు. తగ్గినచో నిద్రపోవుచున్నట్లు నడతురు. వెలుతురునకు బొగ్గుకడ్డీల దీపము. రెండు కడ్డీల నడుమ ఎడము సరిగా నుంచుట ఒక విద్య. వేయి అడుగుల చుట్ట యొక్కటి సుమారు పదిహేను నిమిషములు వచ్చెడిది. ఒక్క యంత్రమే యున్న శాలలో చుట్ట ముగిసినప్పుడెల్ల దీపములు వెలుగును, సోడాలవాడు కేకవేయును. ఆ ఫిలిము నైట్రేటు పదార్థముతో చేసినది. నిప్పు సోకెనా, నీళ్లు చల్లినను ఆరదు. అందుచే యంత్రపు గదిని నిప్పంటుకొనని విధముగా కట్టవలసివచ్చెను. 1918లో వచ్చిన సినిమాటోగ్రాఫు చట్టము ప్రదర్శనశాలకు లైసెన్సును, చిత్రమునకు సెన్సారు పత్రమును తప్పనిసరి చేసెను. 1920 నుండి మదరాసులోను సెన్సారు బోర్డు పనిచేసినది.

చిత్రము మూగది గాని శాల మూగది కాదు. తెర ప్రక్కన హార్మోనియము, తబలా, కొన్నిచోట్ల ఫిడేలు మ్రోగెడివి. కథను బిగ్గరగా వివరించు ఒక వ్యాఖ్యాత నిలుచుండెడివాడు. తెరమీది ఇంగ్లీషు అక్షరములను చదువలేని జనమునకు అతడే పురాణము చెప్పు పౌరాణికుడు. మా తాతగారు ఆ వ్యాఖ్యాతను గూర్చి ఎంతో ముచ్చటగా చెప్పెడివారు. "ఒక వాక్యం అరవంలో, ఒక వాక్యం తెలుగులో చెప్తాడురా. కొట్లాట వచ్చిందా, ఏ భాషా ఉండదు. 'అదిగో, అదిగో' అంతే" అని నవ్వెడివారు. నేల తరగతి ముందు, బెంచీలు వెనుక, కుర్చీలు అన్నిటికన్న వెనుక. తాతగారిది నేల. "తెరకు దగ్గర మేమే" అనెడివారు, అదియొక గౌరవమైనట్లు!

ఏ చిత్రములు ఆడినవన్నచో, అందును ఒక చరిత్ర గలదు. 1914లో మొదలైన ప్రపంచయుద్ధమువలన ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల చిత్రములు తగ్గిపోయినవి. ఆ ఖాళీని అమెరికా చిత్రములు నింపెను. అందు ముఖ్యమైనవి సీరియలు చిత్రములు. కథ వారమునకు కొంత చొప్పున సాగుచు, ప్రతి వారము నాయికయో నాయకుడో కొండ అంచున వ్రేలాడుచుండగా ఆగిపోవును. పేటలోని చిన్న హాలునకు ఇది కల్పవృక్షమే. మౌంటు రోడ్డు శాలకు దారిన పోవువారును రావచ్చును. పేట శాలకు వచ్చెడివారు ఆ వీధులవారే. వారే వారము వారము మరల రావలెను. సీరియలు వారిని రప్పించెడిది. మా తాతగారికి పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయము. శనివారము కూలి చేతబడగనే మొదటి అణా గ్లోబు కిటికీలో పడెడిదని ఆయనయే ఒప్పుకొనిరి. దానికి ఇంటిలో తిన్న దెబ్బల సంగతియు దాచలేదు.

ఇంతవరకు జమ వైపు బాగుగనే యున్నది. మూడు శాలలు, ఎదురులేని పేరు. సామాన్యుడైనచో ఇక్కడ కాలు చాపుకొని కూర్చుండును. వెంకయ్యగారికి మాత్రము వేరొక చింత పట్టినది. తమ తెరపై ఆడునవన్నియు పరుల బొమ్మలు. మన కథ మనము తీయలేమా? బొంబాయిలో ఫాల్కేగారు 1913లోనే రాజా హరిశ్చంద్ర చిత్రమును విడుదల చేసియుండిరి. మదరాసులోను మోటారు సామానుల వర్తకులైన నటరాజ ముదలియారుగారు పురసవాక్కము పొరుగుననే, మిల్లర్స్ రోడ్డులో స్టూడియో పెట్టి, 1917-18 ప్రాంతమున కీచకవధమను మూగచిత్రమును తీసిరి. దక్షిణదేశపు మొదటి కథాచిత్రము అది. దక్షిణాది చలనచిత్రపు పురిటిల్లు కోడంబాకము కాదు, మన పురసవాక్కపు చుట్టుప్రక్కలే యని మన పిల్లలకు చెప్పవలెను.

వెంకయ్యగారు తమ కుమారుడైన ప్రకాశుగారిని ఈ విద్య నేర్చుకొని రమ్మని విదేశములకు పంపిరి. ఆయన ఇంగ్లండులో అభ్యసించి తిరిగివచ్చిన పిమ్మట, 1921లో తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్టు అను చిత్రనిర్మాణ సంస్థను స్థాపించిరి. సూర్యకాంతితోనే చిత్రములు తీయు దినములు గనుక గాజు పైకప్పు గల స్టూడియో నిర్మించిరి. అందు తీసిన భీష్మప్రతిజ్ఞ తెలుగువారు తీసిన మొదటి కథాచిత్రముగా ఖ్యాతి గాంచినది. ప్రకాశుగారే భీష్ముడు, ఒక ఆంగ్లయువతి గంగ. కులస్త్రీలు తెరపై కనబడుటకు అంగీకరింపని కాలమది. ఈ సంస్థ పంచన పని నేర్చినవారిలో సి. పుల్లయ్యగారొకరు. ఆయనయే తరువాత 1933లో సతీ సావిత్రిని, 1934లో లవకుశను తీసి తెలుగుదేశమంతటను బండ్లు కట్టుకొని వచ్చి చూచునట్లు చేసిరి.

ఐతే చిత్రము తీయుట వేరు, దానిని అమ్ముకొనుట వేరు. మూగచిత్రమునకు భాష అడ్డులేదు. పెషావరు నుండి రంగూను వరకు ఆడవచ్చును. ఆడించుటకు శాలలు కావలెను. ఆ శాలలలో పెక్కు కలకత్తా మదను కంపెనీవంటి పెద్ద సంస్థల అధీనమున నుండెను. తీయువారు, పంచువారు, ఆడించువారు అన్నియు వారే. మూడు శాలల స్వంతదారుడు స్వతంత్రుడే కాని, మూడు శాలలతో ఒక చిత్రపు ఖర్చు తిరిగిరాదు. శాలల ఆదాయము స్టూడియోకు పోయినది. స్టూడియో తీసిన అప్పు శాలల మీద పడినది. కొలది యేండ్లలోనే సంస్థ మూతపడినది. గెయిటీ, క్రౌను, గ్లోబు క్రమముగా వెంకయ్యగారి చేజారినవి. ఖర్చు వైపు మొత్తము జమ వైపును మించిపోయెను. గుమాస్తాగా నేనిచ్చట ఎఱ్ఱ సిరాతో గీత గీయవలసినదే.

1931లో మాటల చిత్రము వచ్చెను. మార్చి 14న బొంబాయిలో ఆలం ఆరా. అక్టోబరు 31న మదరాసులో కాళిదాసు. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన ఆ చిత్రమున టి. పి. రాజలక్ష్మిగారు తమిళమున మాటలాడగా తెలుగు మాటలును పాటలును కలసి వినబడెను. అది ఆడిన శాల పార్కుటౌనులోని కినిమా సెంట్రల్. చిత్రపు డబ్బా రైలులో వచ్చినప్పుడు వాల్‌టాక్సు రోడ్డున ఊరేగింపుగా తీసికొనిపోయి, పూలు చల్లి, కొబ్బరికాయలు కొట్టి, కర్పూరము వెలిగించిరట. మన చూలై జనమును ఆ గుంపులో నుండకపోరు. తెలుగు మాటలు తెరమీద వినబడిన ఆనాటికి, క్రోనోమెగాఫోనుతో బొమ్మకు నోరీయజూచిన వెంకయ్యగారు అరువది రెండేండ్ల వృద్ధులు. ఆ ఊరేగింపు దేవునికి జరిగినది. ఆ గుడికి పునాది తీసినవాని చేతిలో ఒక్క హాలైనను లేదు. 1941 మార్చి 15న ఆయన స్వర్గస్థులైరి. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆయన పేర ఒక పురస్కారమును నెలకొల్పి ఋణము కొంత తీర్చుకొన్నది. మొదటి పురస్కారము ఎల్. వి. ప్రసాదుగారికి లభించెను.

గ్లోబు మాత్రము బ్రతికినది. రాక్సీయై, మాటల చిత్రములు, రంగుల చిత్రములు ఆడి, మా బాల్యమునకు అందినది. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడి చెన్నపట్టణము తమిళుల పాలనలో నిలిచిన తరువాత, ఇచ్చటి తెలుగువారికి తమ భాషను పదిమందితో కలసి వినుటకు మిగిలిన చోట్లు కొన్నియే: గుడి, బడి, సినిమాహాలు. తెలుగు చిత్రములకు పలుమార్లు ఉదయపు ఆట మాత్రమే దక్కెడిది. ఐనను ఆదివారము ఉదయము మా అమ్మ, అత్తలు వంట త్వరగా ముగించి, తలలో పూలు తురుముకొని బయలుదేరిన సందడి నేను మరువలేను. చీకటిలో ముందువరుస నుండి వెనుకవరుస వరకు తెలుగు నవ్వు ఒక్కసారిగా లేచినప్పుడు, ఈ నగరమున మనము ఇంతమందిమి ఉన్నామా యని అనిపించెడిది. ఇంటింట టెలివిజను వచ్చిన తరువాత, స్థలముల వెల ఆకాశమంటిన తరువాత, ఒక్క తెర గల పాతశాలలు ఒక్కటొక్కటిగా మూతపడినవి. గెయిటీ లేదు, క్రౌను లేదు, రాక్సీ లేదు. నా మనుమరాలు ఆ వీధిని పోవునప్పుడు అచ్చట ఒక సినిమాశాల యుండెనని చెప్పుటకు ఒక రాయియైనను లేదు.

ఇక మా యింటి సంగతి యొకటి చెప్పి ముగింతును. నాకు ఏడెనిమిదేండ్లున్నప్పుడు, మా నాయనకు తెలిసినవారొకరు పట్టణపు పొలిమేరలలో టూరింగు సినిమా పెట్టుచు, భాగస్వామిగా చేరుమని ఆయనను పిలిచిరి. నాయనకు ఆశ కలిగినది. మా అమ్మ గాజులు కూడ ఈయ సిద్ధపడినది. తాతగారు మాత్రము ఒప్పుకొనలేదు. "గ్లోబు కట్టినాయన ఏమయ్యాడో నీకు తెలీదు, నాకు తెలుసు. అంతటి మారాజే నిలవలేకపోయాడు. ఎనిమిది మంది తినే ఇల్లురా ఇది" అని ఒక్క మాటతో తేల్చివేసిరి. నాయన ఉద్యోగములోనే యుండి గుమాస్తాగా విరమించిరి. నేనును అట్లే. ఆ మాట మా రెండు తరముల బ్రతుకులకు గట్టు వేసినది. ఆ గట్టు లోపల మేము మునుగలేదు, ఈదను లేదు.

తాతగారు తప్పు చెప్పిరా యని ఈ వయసులో పలుమార్లు ఆలోచించితిని. తప్పు చెప్పలేదు. ఎనిమిది మంది అన్నమును పణము పెట్టుట ధర్మము కాదు. వెంకయ్యగారు హాళ్లతో తృప్తిపడియుండినచో ఆయన సంతతివారు ధనికులై యుండెడివారు, అదియును నిజమే. కాని లెక్కలో మరియొక పద్దు గలదు. పరుల బొమ్మలు చూపి ఆర్జించిన ధనమును మన బొమ్మ తీయుటకు ఆయన వెచ్చించిరి. ఆ పద్దు ఆయన పుస్తకములో నష్టముగా, మన పుస్తకములో జమగా పడినది. పుల్లయ్యగారివంటివారు ఆ జమనుండియే బయలుదేరిరి. ఆ సంగతి మా తాతగారికి తెలియకపోలేదు. ఆయన హాలు కట్టినవాని దారిని పోవలదని కొడుకును హెచ్చరించిరి. కాని ఆ హాలునకు క్రొత్త యజమానులు పెట్టిన పేరును చనిపోవు వరకు నోట పలుకలేదు. బుద్ధి చెప్పినది నోరు. కృతజ్ఞత చూపినదియు ఆ నోరే.

మన సంఘపు సభ్యులకు నాదొక మనవి. మీ యిండ్ల అటకలపై, ట్రంకుపెట్టెలలో పాత సినిమా నోటీసులు, పాటల పుస్తకములు, టిక్కెట్టు ముక్కలు ఉండవచ్చును. చిత్తుకాగితములవానికి వేయకుడు, సంఘమునకు తెచ్చి యిండు. ఇంటిలో ఎనుబదేండ్లు దాటిన పెద్దలున్నచో, వారు ఏ హాలును ఏ పేరుతో పిలిచిరో, అచ్చట ఏమి చూచిరో అడిగి వ్రాసికొనుడు. పురసవాక్కపు పెద్దవీధిలో ఒక చిన్న రాతిపలక వేయించుటకు మన సంఘము పూనుకొన్నచో నా వంతు చందా మొదట వ్రాసికొనుడు. అది జరుగువరకు, ఆ వీధిని పోవునప్పుడు మీ పిల్లలతో "ఇక్కడ గ్లోబు ఉండేది" అని ఒక్క మాట చెప్పుడు. నేను నా మనుమరాలికి చెప్పితిని. ఆమె వెంటనే "గ్లోబు అంటే ఏంటి తాతయ్యా?" అని యడిగినది. నేను అడుగక విడిచిన ప్రశ్నను ఆ పిల్ల అడిగినది. ఇల్లు చేరువరకు ఈ కథయే చెప్పుచు నడచితిని.